చిల్లులక్క చేతిమీద లేచిన ఐదు వేళ్లు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఫ్యాక్టరీలో హాజరు పట్టీకి తప్ప అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె చిల్లులక్క. డాక్టర్లూ నర్సులూ చేతులకు వేసుకునే పల్చని రబ్బరు తొడుగులు ఆ ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటిలో కంటికి ఆనని చిల్లుని పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు, తల మీద అదే దీపం.

ఫ్యాక్టరీ అంటే పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర పాల తొట్టి ఉంటుంది. ఆవు పాలు కాదు, రబ్బరు చెట్టు బెరడుకు గాటు పెడితే కారే పాలు. పైన గొలుసుకు వరసగా పింగాణీ చేతులు వేలాడుతుంటాయి, వేళ్లు కిందికి పెట్టి. ఒక్కో చెయ్యీ వచ్చి ఆ పాలలో మణికట్టు దాటి మునిగి, లేచి, వేడి గది దాటి అవతల తేలేసరికి దాని మీద రెండో చర్మం కట్టి ఉంటుంది. ఆ చర్మాన్ని ఒలిచి, ఒకదానికొకటి అంటుకోకుండా తెల్లటి పొడి చల్లి, బుట్టల కొద్దీ చిల్లులక్క బల్ల మీదికి పంపుతారు. ఆమె తొడుగు మూతిని గాలి గొట్టానికి తగిలించి ఉబ్బించి, దీపానికి ఎదురుగా ఒక తిప్పు తిప్పి, చెంప దగ్గరికి తెచ్చుకుని ఒక్క క్షణం ఆగుతుంది. వెంట్రుకంత గాలి చెంపకు తగిలితే చాలు, ఆ తొడుగు కింద డబ్బాలో పడుతుంది.

“మనమంతా కళ్లతో చూస్తాం. అక్క చెంపతో చూస్తుంది” అనేది పక్క బల్ల చెల్లెలు. సొంత చెల్లెలేమీ కాదు. పదకొండేళ్లు మోచేతికి మోచెయ్యి తగిలేలా కూర్చుని పనిచేసిన చనువు.

చిల్లు దొరికిందంటే పని అయిపోయినట్టు కాదు ఆమెకు. అది బొటనవేలి మొదట్లో ఉందా, చూపుడువేలి కొసన ఉందా అని చీటీ మీద గీత పెట్టేది. ఒకేచోట మూడు గీతలు పడ్డాయంటే షిఫ్టు మేస్త్రీని కేకేసి, “అన్నా, గొలుసు మీద ఏదో ఒక చేతికి చూపుడువేలు బీటిచ్చింది, వెతికించు” అనేది. వెతికితే ఉండేది. వందల చేతుల్లో ఒక్క చెయ్యి, ఆ చేతికి గోరంత బీట. మేస్త్రీ తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయేవాడు.

ఇంటాయనది పళ్ల బండి. మార్కెట్ మలుపులో బస్సులు ఆగే చోట నిలబడి అరటిపళ్లు, బొప్పాయిలు, అనాసలు, అవకాడోలు అమ్మేవాడు. నోట్లో నువ్వుగింజ నానదు. “పండు తినండి, పండులా ఉండండి” అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే కేక. మిగిలిన పళ్లు సాయంత్రం ఇంటికొచ్చేవి. వంటగది గూట్లో, కిటికీ మీద, మంచం కింద గోనెసంచిలో, ఎక్కడ చూసినా పళ్లే. పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసే కూతురు, “మన ఇంట్లో మనుషులకంటే పళ్లకే చోటెక్కువ” అని విసుక్కునేది.

అలాంటి ఇంట్లో ఉంటూ చిల్లులక్కకు పండు పడకుండా పోయింది.

మొదట పాడైనవి చేతులు. వేళ్ల సందులు ఎర్రబడి, పొలుసులు లేచి, సాయంత్రానికి మండేవి. సబ్బు మార్చింది. నూనె రాసింది. తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున షెడ్డులో అడుగుపెట్టిన గంటకల్లా ముక్కు కారేది, కళ్లు నీళ్లు పెట్టుకునేవి. “పొడి కదమ్మా, అందరికీ తుమ్ములే” అన్నాడు మేస్త్రీ. అతనూ తుమ్ముతూనే అన్నాడు. ఆమె కూడా సరేననుకుంది.

ఇలా ఏడాది పైన గడిచాక ఒక సాయంత్రం అరటిపండు తింటుంటే పెదాలు జిలపెట్టాయి. చెవుల లోపల, వేలు అందని చోట దురద.

“ఏమండీ, ఈ పండేదో తేడాగా ఉంది.”

ఆయన గెల వంక చూసి, ఒక పండు వలిచి గుటుక్కున మింగాడు. “పంచదారలా ఉంది. పండుకి వంకలు పెట్టకు.”

“పండుకి కాదండీ, నా నోటికేదో అయింది.”

“నోటికైతే మాట్లాడ్డం తగ్గించు” అని నవ్వాడాయన. ఆమె కూడా నవ్వేసింది. మర్నాడు ఇంకోటి తింది. మళ్లీ దురదే.

అప్పుడామె తనకు చేతనైన పని చేసింది. గోడకున్న క్యాలెండరు తిప్పి, వెనక తెల్లగా ఉన్న వైపు గీతలు పెట్టడం మొదలుపెట్టింది. అరటి తిన్న రోజున నోటి దురద, ఒక గీత. బొప్పాయికి కొంచెం, సగం గీత. అనాసకు ఏమీ లేదు. మామిడికీ నారింజకూ ఏమీ లేదు. ఇంకోపక్క తుమ్ముల లెక్క: సెలవు రోజున లేవు, ఫ్యాక్టరీకి వెళ్లిన రోజున ఉన్నాయి, వారం చివరికి మరీ ఎక్కువ. రెండు వరసలూ ఒకే కాగితం మీద జానెడు దూరంలో ఉన్నాయి. ఒకటి ఫ్యాక్టరీ గొడవ, ఇంకోటి వంటింటి గొడవ అనుకుంది. ఆ రెండింటికీ చుట్టరికం ఉందన్న ఊహ కలలోనైనా రాలేదామెకి. ఎవరికి మాత్రం వస్తుంది?

అరటిపళ్లు మానేసింది. ఆయన ఊరుకుంటాడా! “అరటి పడకపోతే పోనీ, ఇది వెన్నలా ఉంటుంది, దురద పెట్టమన్నా పెట్టదు” అని ఒకరోజు పొద్దున అవకాడోను సగానికి కోసి, ఉప్పూ మిరియప్పొడీ చల్లి, భోజనం డబ్బా పై గిన్నెలో సర్దాడు. ప్రేమతోనే సర్దాడు. ఆ సంగతి తర్వాత ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. చిల్లులక్క షెడ్డు వెనక బల్ల దగ్గర కూర్చుని నాలుగు చెంచాలు తింది. ఐదో చెంచా నోటిదాకా వెళ్లలేదు. అరచేతులు, అరికాళ్లు, నడినెత్తి ఒక్కసారిగా మండాయి. నాలుక తన నోట్లో ఎవరిదో పెట్టినట్టు లావుగా అనిపించింది. మాట్లాడబోతే బొంగురు గొంతు వచ్చింది.

“అక్కా, నీ మొహమేంటి అలా ఉంది?” అంది చెల్లెలు. “అక్కా! పెదాలు చూసుకో!”

చూసుకోవడానికి అద్దం లేదు, ఓపికా లేదు. ఊపిరి లోపలికి వెళ్లే దారి సన్నబడుతోంది. ఈల లాంటి చప్పుడు వినిపించింది. అది తన గొంతులోంచే వస్తోందని ఆమెకు తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆ చప్పుడు ఆమెకు బాగా ఎరుక. చిల్లులోంచి గాలి పోయేటప్పుడు వచ్చేది అదే. ఇక్కడ గాలి పోవడం లేదు, లోపలికి రావడానికి తంటాలు పడుతోంది.

మేస్త్రీ సరుకు వ్యాను తీయించాడు. తొడుగుల పెట్టెల మధ్య ఆమెను పడుకోబెట్టి, తల చెల్లెలు ఒళ్లో పెట్టుకుని, పది నిమిషాల్లో ఆసుపత్రిలో దించారు. అత్యవసర గదిలో నర్సు ఆమెను చూడగానే ఇంకేమీ అడగలేదు. బట్ట పైనుంచే తొడ పక్క భాగంలో సూది దించింది.

ఆ తర్వాత జరిగినది చిల్లులక్క జీవితమంతా చెప్పుకుంటూనే ఉంటుంది. గుండె గబగబా కొట్టుకుంది. చేతులు వణికాయి. అంతలో గొంతులో ఎక్కడో ఒక తలుపు తెరుచుకున్నట్టయింది. గాలి వచ్చింది. చల్లగా, మందు వాసనతో, నిండుగా, అడక్కుండానే వచ్చింది. నలభై ఏడేళ్లుగా పీలుస్తున్న గాలే. ఏ రోజూ దాని వంక చూసిన పాపాన పోలేదు. ఇంత పెద్దదా ఇది, ఇన్నాళ్లూ నాలోకి వచ్చి పోతున్నది ఇదా అనుకుంది. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

కానీ ఆ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉండలేదు. నర్సు మంచి పిల్ల, చురుకైనది. సెలైను పెట్టడానికి చెయ్యి పట్టుకుంది, నరం కోసం నొక్కింది, మూతికి ఆక్సిజన్ తగిలించింది. పావుగంట కాకుండానే గొంతు మళ్లీ బిగిసింది. కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోతున్నాయి.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. పొట్టి మనిషి, చెప్పులు టకటకలాడించుకుంటూ నడుస్తుంది. రెండో సూది ఇప్పించి, నాడి చూడబోతూ చిల్లులక్క ముంజేతి దగ్గర ఆగిపోయింది. ఆ చేతిని దీపం కిందికి జరిపింది.

ముంజేతి మీద ఎర్రగా, దద్దుర్లుగా, ఒక మనిషి చెయ్యి అచ్చు లేచి ఉంది. ఒకవైపు నాలుగు వేళ్లు, ఇంకోవైపు బొటనవేలు. అచ్చంగా ఎవరో కనపడని మనిషి పట్టుకుని వదలనట్టు.

“ఈ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?”

“నేనేనండీ” అంది నర్సు. “సెలైన్ కోసం.”

“తొడుగులు వేసుకునేనా?”

“వేసుకునేనండీ.”

డాక్టరమ్మ నర్సు చేతుల వంక చూసింది. తర్వాత మంచం పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ చెల్లెల్ని అడిగింది. “ఈమె ఎక్కడ పనిచేస్తారు?”

“తొడుగుల ఫ్యాక్టరీలోనండీ” అంది చెల్లెలు. నర్సు చేతుల వైపు వేలు చూపించింది. “ఇవేనండీ. ఇవి మావే.”

డాక్టరమ్మే ముందు తేరుకుంది. “అందరూ తొడుగులు తీసేయండి. చేతులు కడుక్కోండి. ఆ పెట్టెలు గదిలోంచి పట్టుకుపొండి. ఈమె మీద రబ్బరు అన్నది ఏదీ ఆనకూడదు.”

కనురెప్పల సన్నని సందులోంచి చిల్లులక్క తన చేతి మీది వేళ్లను చూసింది. పంతొమ్మిదేళ్లు చెయ్యి ఆకారంలో ఉన్న రబ్బరును తను పరీక్షించింది. ఇవాళ అదే ఆకారం తన చర్మం మీద లేచి, చిల్లు ఇదిగో ఇక్కడుంది అని చూపిస్తోంది. భయం వెయ్యాల్సిన చోట ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఎంత తెలివి! నోరు లేని ఒళ్లు, అక్షరం రాని ఒళ్లు, చెప్పదలుచుకున్నది బొమ్మ గీసి చెప్పింది.

ఇంటాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు, బండిని పక్క దుకాణంవాడికి వదిలేసి. చేతులకు బొప్పాయి రసం అంటుకుని ఉంది. గుమ్మంలోనే డాక్టరమ్మ ఆపింది. “ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని రండి.” ఆయన కడుక్కుని వచ్చి, భార్య మంచం పక్కన నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆమె చూడటం అదే మొదటిసారి. ఒక రోజంతా ఆసుపత్రిలోనే ఉంచుకుని గమనించి, మర్నాడు ఇంటికి పంపారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చట. అందుకని.

ఐదారు వారాలు ఆగి పరీక్షకు రమ్మన్నారు. అప్పటిదాకా ఫ్యాక్టరీ బంద్, అరటీ అవకాడో బొప్పాయీ బంద్. ఆ రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. క్యాలెండరు కాగితం మడిచి పట్టుకెళ్లింది చిల్లులక్క. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పరిచి, కళ్లజోడు సర్దుకుని, కింది నుంచి పైదాకా చదివింది.

“ఇది ఎవరు చెయ్యమన్నారమ్మా మీకు?”

“ఎవరూ లేదండీ. చిల్లు ఎక్కడో తెలిస్తే బీట ఎక్కడో తెలుస్తుందని.”

“నేను మిమ్మల్ని అడగబోయేదంతా ఇందులోనే ఉంది” అంది డాక్టరమ్మ, కాగితం మీంచి చూపు తిప్పకుండా.

తర్వాత ముంజేతి మీద పెన్నుతో చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క పక్కన ఒక్కో రకం రసం బొట్టు వేసి, సన్నని మొనతో గుచ్చింది. రబ్బరు ఒకటి. అరటి, అవకాడో, బొప్పాయి, కివీ, అనాస, మామిడి, నారింజ. “ఇప్పుడు పావుగంట గోక్కోకుండా కూర్చోవాలి.” చిల్లులక్క కూర్చుంది. తన చేతివైపే చూస్తూ కూర్చుంది. రబ్బరు చుక్క ముందు లేచింది, బఠాణీ గింజంత. దాని వెనకే అరటి, తర్వాత అవకాడో. బొప్పాయి, కివీ కొంచెం చిన్నగా. మామిడి, అనాస, నారింజ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాయి. ఇన్నాళ్లూ కాగితం మీద తను పెట్టిన గీతలు తన చర్మం మీద తమంతట తామే లేచి నిలబడుతుంటే ఆమెకు ఊపిరాడలేదు. ఈసారి జబ్బు వల్ల కాదు.

“కివీ నేనెప్పుడూ తినలేదండీ” అంది. “పేరు కూడా ఈయన బండి మీదే విన్నాను. తిననిదానికి ఎందుకు లేచింది?”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “చెట్టుకు గాటు పెడితే పాలెందుకు కారతాయో ఎప్పుడైనా ఆలోచించారా?”

“మన కోసమేగా?” అన్నాడు ఇంటాయన.

“మన కోసం కాదు, తన కోసం. గాయం లోపలికి బూజూ పురుగూ దూరకుండా. ఆ పాలలో కాపలా కాసే సరుకు కొంత ఉంటుంది. అరటికీ, అవకాడోకీ, బొప్పాయికీ, కివీకీ కూడా శత్రువులున్నారు కదా. అవీ కాపలా పెట్టుకున్నాయి. రబ్బరు చెట్టుకీ వాటికీ ఏ బంధుత్వమూ లేదు. అయినా కాపలావాళ్ల మొహాలు మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. మీరు పంతొమ్మిదేళ్లు ఆ పొడితో పాటు రబ్బరు సరుకును పీల్చారు. మీ ఒళ్లు ఒకనాడు దాన్ని దొంగ అనుకుంది. అప్పటినుంచి ఆ పోలిక ఎక్కడ కనపడ్డా కర్ర పట్టుకుని లేస్తోంది.”

“తాడుని చూసి పామనుకున్నట్టా?”

“అంతే. కాకపోతే తాడు మీద పడాల్సిన కర్ర మీ మీద పడుతోంది.”

చిల్లులక్కకు ఆ పింగాణీ చేతులు గుర్తొచ్చాయి, అవి మునిగే పాలు గుర్తొచ్చాయి. ఎక్కడో అడవిలో గాయపడ్డ చెట్టు తనను తాను కాపాడుకోవడానికి కార్చిన చుక్క. ఎక్కడో తోటలో అరటిగెల తన కడుపులో దాచుకున్న కాపలా. ఒకదాని మొహం ఒకటి చూడకుండా, ఒకదాని ఊసు ఇంకోదానికి తెలియకుండా, రెండూ ఒకే ఉపాయం ఆలోచించాయి. ఆ సంగతి తన మొగుడికి తెలియదు, పండు అమ్మి బతికినవాడికి. తనకూ తెలియదు, రబ్బరు తాకి బతికినదానికి. తన ఒంటికి తెలిసింది. పొరపాటు పడింది నిజమే. కానీ పొరపాటు పడటానికి కూడా ఎంత నిశితమైన చూపు కావాలి!

“ఇది అందరికీ ఇలాగే ఉంటుందనుకోకండి” అంది డాక్టరమ్మ. “రబ్బరు పడనివాళ్లలో కొందరికి ఒక్క పండూ ఏమీ చెయ్యదు. ఇంకొందరికి వేరే పళ్లు. ఎవరి ఒళ్లు వాళ్లదే. ఊహించుకుని అన్నీ మానెయ్యకూడదు, తెగించి అన్నీ తినకూడదు. పరీక్ష చేయించుకోవాలి.” తర్వాత ఆ రోజు నర్సు పొడిచిన మందే నింపిన రెండు సూది పెన్నులు, సాధన కోసం సూది లేని నకలు పెన్ను ఒకటి బల్ల మీద పెట్టి నేర్పింది. ఎప్పుడూ రెండూ వెంట ఉండాలి. గొంతు బిగిసినా, ఊపిరి పట్టినా, కళ్లు తిరిగినా ఆలోచించకుండా తొడ బయటివైపు పొడవాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. తగ్గినట్టనిపించినా సరే, ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

ఇంటాయన ఆ నకలు పెన్నును వదల్లేదు. ఇంటికొచ్చాక పొద్దునా సాయంత్రం తన తొడ మీద తనే పొడుచుకుంటూ, “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టేవాడు. కూతురు చూసి, “నాన్నా, నీ కాలు నిజమనుకుని వాచిపోగలదు” అంది. ఆయన నవ్వలేదు. “నా చేత్తోనే పెట్టానమ్మా డబ్బాలో. ఆ చెయ్యి తడబడకుండా నేర్చుకోవాలి” అన్నాడు.

గూళ్లలోంచి, మంచం కింద నుంచి పళ్లన్నీ వెళ్లిపోయాయి. బండి మార్కెట్లోనే ఒక స్నేహితుడి కొట్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఇంటికి రాగానే పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. నారింజలూ మామిళ్లూ మాత్రం తెచ్చేవాడు. కూతురు ఇల్లంతా గాలించింది. గిన్నెలు తోమే తొడుగులు, వేడినీళ్ల సంచి, సొరుగులో రబ్బరు బ్యాండ్లు, ఎప్పటివో రెండు బుడగలు. “ఇన్ని చోట్ల ఉందా!” అని ఆశ్చర్యపోయింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఈమెకు రబ్బరు పడదు, ఈ పళ్లు పడవు, ఈ సూది ఇలా పొడవండి, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి. దాన్ని సూది పెన్నుల సంచికి కుట్టింది. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ఆ అట్ట ముందు, మనిషి తర్వాత.

ఫ్యాక్టరీ లేకుండా ఐదు నెలలు ఇంట్లో కూర్చుంది. చేతులు నునుపు తేలాయి, తుమ్ములు మాయమయ్యాయి. కానీ పనిలేని చేతులు ఆమెకు ఎవరివో పరాయి చేతుల్లా ఉండేవి. ఒకనాడు మేస్త్రీ వచ్చాడు. చేతిలో నీలం రంగు తొడుగు ఉంది. బట్టల మీద పొడి ఉంటుందని ఇంటి లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

“అమ్మా, ఇది చెట్టుది కాదు. మందులు కలిపి చేసే రబ్బరు. రోడ్డవతల కొత్త షెడ్డు వేశారు. పొడి లేదు, పాల తొట్టి లేదు. పాత షెడ్డులో పనిచేస్తున్నవాళ్లెవరూ అందులోకి రాకూడదని గట్టిగా చెప్పారు. మీ డాక్టరమ్మని అడిగి చూడు. చిల్లులు మాత్రం అక్కడా పడుతున్నాయి, పట్టేవాళ్లే లేరు.”

డాక్టరమ్మ ఆ షెడ్డు వివరాలన్నీ రాయించుకుని, ఆలోచించి, సరేనంది. మొదటి వారం సగం పూటలే. నీలం తొడుగు చెంపకు ఆనించినప్పుడు చిల్లులక్క రెండో చేత్తో సూదుల సంచి పట్టుకుంది. ఏమీ కాలేదు. వెంట్రుకంత గాలి తగిలింది. ఆమె ఆ తొడుగును డబ్బాలో వేసి, చీటీ మీద గీత పెట్టింది.

రెండేళ్ల తర్వాత పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ తప్పదని తేలింది. రాళ్ల గురించి ఆమె భయపడలేదు. ఆపరేషన్ గది అంటేనే భయం. చుట్టూ తొడుగులేసుకున్న చేతులు, మత్తులో ఉన్న తను. ఏదైనా జరిగితే చెప్పడానికి నోరు కూడా ఉండదు.

పొద్దున్నే, ఆ రోజుకి మొదటి కేసుగా ఆమెను తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ముసలి సిస్టరు ఒకావిడ చేతిలో కాగితంతో ఎదురొచ్చింది. గొంతు తగ్గించి, లెక్క ఒప్పజెబుతున్నట్టు చెప్పింది. “నిన్న సాయంత్రం నుంచి ఈ గదిలోకి రబ్బరు రానివ్వలేదమ్మా. గోడలు తుడిచాం. తొడుగులు మార్చాం. మత్తు గొట్టం, బీపీ పట్టీ, చేతికి కట్టే బ్యాండు, మందు సీసాల మూతలతో సహా అన్నీ చూశాం. నేను చూశాను, తర్వాత ఇంకొకరు చూశారు. గుమ్మానికి బోర్డు పెట్టాం. మీ తర్వాతే మిగతావాళ్లు.”

చిల్లులక్క ఆ గది వంక చూసింది. దీపాలు, పచ్చ బట్టలు, వరసగా పేర్చిన సామాను. గది నిండా మనుషులు, అందరి చేతులకూ నీలం తొడుగులు. ఇంతమంది, ముందురోజు సాయంత్రం నుంచే, తన ఒంట్లో ఉన్న ఒక పొరపాటును గౌరవించి గదినంతా మార్చి పెట్టారు. రాజుగారొచ్చినా ఇంత చెయ్యరేమో అనిపించింది. తను ఏపాటి మనిషి? స్టూలు మీద కూర్చుని గాలి ఊదుకునే మనిషి.

ఆ బిడియం దాచుకోవడానికి, “సిస్టర్ గారూ, చిల్లులు చూశారా మరి?” అంది.

సిస్టరు ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత చేతిలోని కాగితం మీద ఆమె ఉద్యోగం చదివి పకపకా నవ్వింది. “మీరు చూసి పంపారుగా” అంది. మత్తు ఎక్కేముందు చిల్లులక్కకు వినిపించిన ఆఖరి మాట అదే. కళ్లు తెరిచేసరికి వార్డులో ఉంది. కిటికీలో ఎండ. ఊపిరి మామూలుగా వస్తోంది, పోతోంది. ఆమె కాసేపు దాన్నే వింటూ పడుకుంది.

ఆమె ఒళ్లు కోలుకుని మళ్లీ పనికి వెళ్తున్న రోజుల్లో ఇంటాయనకు కొత్త అలవాటు పట్టుకుంది. అరటిపళ్లు కొనేవాళ్లు, “రెండిస్తే చాలు, తింటే నోరు దురద” అనో, “మా ఆవిడకి పడదు” అనో అంటే చాలు, బండి వదిలేసి ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. “బుడగ ఊదితే పెదాలు వాస్తాయా? రబ్బరు తొడుగులు వేసుకునే పనా?” జనం నవ్వేవారు. పళ్లు కొనడానికొస్తే జబ్బులు అంటగడుతున్నాడేమిటని కొందరు విసుక్కునేవారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పళ్లవాడి వైద్యం ఎవరికి కావాలి?

ఒక సాయంత్రం మాత్రం ఒకామె నవ్వలేదు. జుట్టుకు రంగులు వేసే దుకాణంలో పనిచేస్తుందట, పొద్దస్తమానం చేతులకు తొడుగులతోనే ఉంటుందట. “మీకెలా తెలుసు?” అంది, అరటిపండు వలవబోతున్నదల్లా ఆగి. ఆయన ఆ పండును ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఇంటి దారి చెప్పాడు.

ఆమె వచ్చి చిల్లులక్క ఎదురుగా కూర్చుంది. ముప్పై దాటని మనిషి. వేళ్ల సందులు ఎర్రగా, పొలుసులు లేచి ఉన్నాయి. సబ్బు మార్చానంది. నూనె రాశానంది. ఆదివారం బావుంటానంది. ఒక్కో మాటకూ చిల్లులక్క ఒళ్లు గగుర్పొడుస్తోంది. తనెవరో, ఈమెవరో. ఏ పరిచయమూ లేదు. తన క్యాలెండరు వెనక రాసుకున్న గీతల్ని ఈమె ఒళ్లు తూచా తప్పకుండా మళ్లీ రాస్తోంది.

“నేను డాక్టర్ని కాదమ్మా” అంది చిల్లులక్క. “నాకున్నదే నీకూ ఉండాలని లేదు. రేపు నిన్ను మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. అప్పటిదాకా అరటిపండు ముట్టుకోకు, ఆ తొడుగులు ముట్టుకోకు. ఇదిగో, ఈ కాగితం తీసుకో. ఏ రోజు ఏం తిన్నావో, ఎక్కడ దురద పెట్టిందో గుర్తున్నదంతా రాయి. చిన్నదే కదా అని వదిలెయ్యకు.”

ఆమె పెన్ను తీసుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని ఆలోచించి, రాయడం మొదలుపెట్టింది. చిల్లులక్క పక్కకు జరిగి దీపం ఆమె వైపు తిప్పింది.